‘ద జిమ్ హెన్సన్ అవర్’ పిల్లలతో కలిసి చూడొచ్చా? ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి?

మీ పిల్లలకి మప్పెట్లనే బొమ్మలతో నడిచే టీవీ కార్యక్రమం మప్పెట్ షో బాగా నచ్చిందనీ, దాన్ని తీసిన అమెరికా బొమ్మలాట కళాకారుడు జిమ్ హెన్సన్ ఆ తర్వాత తీసిన ‘ద జిమ్ హెన్సన్ అవర్’ కూడా ఇంటిల్లిపాదీ కూర్చుని చూసేలా ఉంటుందా అనీ అడిగారు. ఉంటుంది. కాకపోతే మొదటి ఎపిసోడ్ మొదటి నిమిషం నుంచి వరసగా పెట్టకండి. మేం ఆ పొరపాటే చేశాం.

మా పాపకి ఏడేళ్లు, బాబుకి నాలుగు. మాతో పాటు మా అమ్మ కూడా కూర్చుంది. ఎపిసోడ్ గంటసేపు. మొదటి అరగంటలో కెర్మిట్ కప్ప ఒక టీవీ కంట్రోల్ రూములో కూర్చుని బోలెడన్ని ఛానళ్లు నడుపుతుంటాడు. స్కిట్ మీద స్కిట్, మధ్యలో పాటలు, ఎటు చూసినా తెరలే. పది నిమిషాలకే బాబు సోఫా పక్కకి చేరి కార్లతో ఆడుకోవడం మొదలెట్టాడు. వాణ్ణి అనడానికేం లేదు. పాత మప్పెట్ షోలో ఒక నాటకశాల ఉండేది. స్టేజీ మీద ఏదో ఒకటి తగలడుతుంది, తెర వెనక కెర్మిట్ తల పట్టుకుంటాడు, బాల్కనీలో ఇద్దరు ముసలాళ్లు వెక్కిరిస్తారు. ఎవరెక్కడున్నారో నాలుగేళ్ల పిల్లాడికీ అర్థమవుతుంది. ఇక్కడ ఆ ఆసరా లేదు. వాల్డో అనే పాత్రని మాత్రం గమనించండి. 1989లోనే కంప్యూటర్ బొమ్మని మనిషి చేత్తో అప్పటికప్పుడు ఆడించారు. నేను నోరు తెరుచుకుని చూశాను. మా పిల్లలకి అదో మామూలు కార్టూన్!

అసలు సరుకు రెండో అరగంటలో ఉంది. చాలాసార్లు అందులో ‘ద స్టోరీటెల్లర్’ కథలు వచ్చేవి. పొయ్యి పక్కన కూర్చుని నటుడు జాన్ హర్ట్ కథ చెబుతుంటే, పక్కనున్న బొమ్మ కుక్క అడ్డు ప్రశ్నలు వేస్తుంటుంది. ఆ కుక్కని ఆడించింది జిమ్ కొడుకు బ్రయన్. రాసింది ఆంథొనీ మింఘెల్లా. మేం చూసింది గుండె లేని రాక్షసుడి కథ, నార్వే వాళ్ల జానపదం. వాడి గుండె ఒంట్లో ఉండదు. ఎక్కడో దూరాన ఒక దీవి, దీవిలో చర్చి, చర్చిలో బావి, బావిలో బాతు, ఆ బాతు పెట్టే గుడ్డులో గుండె. అప్పటిదాకా కునికిపాట్లు పడుతున్న మా అమ్మ లేచి కూర్చుంది.

“ఇది మన మాయల ఫకీరే కదే! చిలక బదులు గుడ్డు పెట్టారంతే.”

టీవీ ఆపాం. అమ్మ బాలనాగమ్మ కథ అందుకుంది. బాబు కార్లు వదిలేసి వచ్చి ఒళ్లో పడ్డాడు. మళ్లీ టీవీ పెట్టేసరికి ముప్పావుగంట. చివర్లో ఆ గుడ్డు చితికి రాక్షసుడు చచ్చిపోతే పాప ఏడ్చేసింది, వాడు అప్పటికే దానికి నచ్చేశాడు మరి. “నానమ్మా, ఫకీరు కూడా మంచోడేనా?” అని అడిగితే అమ్మ దగ్గర జవాబు లేదు.

ఈ సిరీస్ ఎందుకు నిలబడలేదన్నదానికి నాకు తోచిన కారణం ఒకటి చెప్తాను. మన తోలుబొమ్మలాటలో రామాయణం నడుస్తుండగానే కేతిగాడు, బంగారక్క మధ్యలో దూరి నవ్విస్తారు. నవ్వుకి వేరే గంట, కథకి వేరే గంట అని ఉండదు. హెన్సన్ మాత్రం ఇక్కడ రెంటినీ రెండు అరగంటలుగా కోసేశాడు. నవ్వాలని కూర్చున్నవాళ్లకి కథ నెమ్మది, కథ కోసం వచ్చినవాళ్లకి ముందున్నది గోల. స్టోరీటెల్లర్‌లో కుక్క ఉంది చూశారూ, అది కేతిగాడే. అందుకే ఆ భాగం ఇప్పటికీ పండుతుంది. 1989 ఏప్రిల్‌లో ఎన్‌బీసీ అనే అమెరికా ఛానల్‌లో మొదలైన సిరీస్ కొన్ని నెలలకే ఆగిపోయింది. తీసినవి 12 ఎపిసోడ్లే, అవీ అన్నీ ఆ ఛానల్‌లో రాలేదు. మరుసటి ఏడాది మే నెలలో, 53 ఏళ్లకే హెన్సన్ పోయాడు.

కాబట్టి ముందు స్టోరీటెల్లర్ కథలు విడిగా చూడండి, మొత్తం తొమ్మిది. చావులు, దయ్యాలు ఉంటాయి కాబట్టి మరీ చిన్నవాళ్లయితే పక్కన కూర్చోవాల్సిందే. ఆ తర్వాత ‘డాగ్ సిటీ’ ఎపిసోడ్. అన్నీ కుక్క బొమ్మలతోనే తీసిన గ్యాంగ్‌స్టర్ కథ, దర్శకుడిగా హెన్సన్‌కి అమెరికా టీవీ అవార్డు ఎమ్మీ తెచ్చింది. కెర్మిట్ కంట్రోల్ రూము చివరికి.

ఇంకోటి. చూశాక పిల్లలు బొమ్మ కావాలంటారు. పాత సాక్సుకి రెండు బొత్తాలు కుట్టి ఇచ్చాను. సోఫా వెనక దాక్కుని చెయ్యి పైకెత్తి రెండు నిమిషాలు ఆడించేసరికి భుజం లాగేసింది. వాళ్లు గంటలకొద్దీ అలాగే, ఎదురుగా మానిటర్ చూసుకుంటూ ఆడించేవారట. కుడిచెయ్యి తలలో ఉంటుంది కాబట్టి మప్పెట్లలో చాలామంది ఎడమచేతి వాటం వాళ్లే. మా సాక్సు ఇప్పుడు బాబు దగ్గరుంది. నానమ్మ కథ మొదలెట్టగానే దాన్ని తొడుక్కుని వచ్చి అడ్డు ప్రశ్నలు వేస్తున్నాడు.