నర్వ్ బ్లాక్ ఎప్పుడు ఇస్తారని కాదు, ఎప్పుడు దిగుతుందని అడగండి

అమ్మగారికి మోకాలి మార్పిడి చేస్తున్నారు, నర్వ్ బ్లాక్ (నొప్పి తెలియకుండా నరం దగ్గర ఇచ్చే మత్తు ఇంజెక్షన్) ఆపరేషన్‌కు ముందు ఇస్తే మంచిదా, తర్వాత ఇస్తే మంచిదా అని అడిగారు. రెండు మోకాళ్లకూ విడివిడిగా చేయించుకున్నదాన్ని, నాకు తెలిసింది చెబుతాను.

మొదటిసారి థియేటర్‌లోకి తీసుకెళ్లే ముందే స్కానింగ్‌లో చూస్తూ తొడ లోపలి వైపు ఇంజెక్షన్ ఇచ్చారు. రెండోసారి ఆపరేషన్ అయ్యాక, నడుముకిచ్చిన మత్తు ఉండగానే ఇచ్చారు. రెండింటికీ నాకు పెద్ద తేడా తెలియలేదు. ఎలాగూ ఆపరేషన్ సమయంలో నడుము మత్తు ఉంటుంది. అది కొన్ని గంటల్లో దిగిపోయాక ఆదుకునేది బ్లాకే.

ఒక్క ఇంజెక్షన్‌తో ఇచ్చే బ్లాక్ సాధారణంగా 12 నుంచి 24 గంటలు ఉంటుంది. పొద్దున ఆపరేషన్ అయితే అది దిగేది చాలామందికి రాత్రి పూటే. మొదటిసారి నేను నొప్పి ఏమీ లేదని నిశ్చింతగా నిద్రపోయాను. తెల్లవారుజామున మెలకువ వచ్చేసరికి మోకాలి లోపల ఎవరో బిగించి తిప్పుతున్నట్టుంది. దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోయాను. అప్పుడు మాత్ర వేసుకుంటే అది పనిచేసే వరకు గడియారం చూస్తూ పడుకోవడమే. రెండోసారి మత్తు డాక్టర్ ముందే చెప్పారు: నొప్పి లేకపోయినా వేళకి మాత్రలు పడాలి అని. అలాగే వేశారు. నొప్పి రాలేదని కాదు గానీ, పళ్లబిగువున భరించగలిగాను. అందుకే అమ్మగారి బ్లాక్ ఏ వేళకు దిగవచ్చో, అంతకుముందు ఏ మాత్ర ఇస్తారో తప్పకుండా అడగండి.

ఏ బ్లాక్ ఇస్తున్నారో కూడా కనుక్కోండి. ఇప్పుడు ఎక్కువగా తొడ లోపలి వైపు ఇచ్చే అడక్టర్ కెనాల్ బ్లాక్‌లో తొడ కండరం బలం చాలావరకు ఉంటుంది, త్వరగా లేపి నడిపించొచ్చు. గజ్జల దగ్గర ఇచ్చే ఫెమొరల్ బ్లాక్‌లో కాలు మడతపడి పడిపోయే ప్రమాదం ఎక్కువ. ఏది ఇచ్చినా మనిషి తోడు లేకుండా మంచం దిగనివ్వకండి. అడక్టర్ బ్లాక్ మోకాలి వెనక భాగానికి సరిగా అందదు, అక్కడ నొప్పి ఉంటే బ్లాక్ ఫెయిలైందని టెన్షన్ పడకండి. దానికి ఐప్యాక్ అనే ఇంకో ఇంజెక్షన్ కలిపి ఇచ్చే చోట్లూ ఉన్నాయి. నరం పక్కన సన్నని గొట్టం పెట్టి రెండు మూడు రోజులు మందు ఎక్కించే పద్ధతి కూడా ఉంది.

రక్తం పలచబడే మందులు, కిడ్నీ సమస్య, కడుపులో పుండు, షుగర్ వల్ల కాళ్ల తిమ్మిర్లు ఉంటే ముందే చెప్పండి. బ్లాక్ ఇచ్చాక చెవుల్లో హోరు, నోట్లో ఇనుము రుచి, పెదాల తిమ్మిరి అనిపిస్తే ఆ క్షణమే చెప్పమని అమ్మగారికి చెప్పి ఉంచండి. మర్నాడు దాటినా తిమ్మిరి వదలకపోయినా, పాదం పైకి ఎత్తలేకపోయినా డాక్టర్‌కి చూపించండి.

ఇంటికొచ్చాక ఫిజియోథెరపీకి ఓ అరగంట, గంట ముందు మాత్ర వేస్తే మోకాలు బాగా వంగుతుంది. ఆ టైమింగ్ కూడా డిశ్చార్జ్ రోజే రాయించుకోండి.