టీవీ రికార్డింగుకు ఎంత కంప్యూటర్ కావాలి?

ప్రశ్న: మా మేడ మీద డీడీ ఫ్రీ డిష్ యాంటెన్నా ఉంది. సప్తగిరి, యాదగిరి ఛానెళ్లలో వచ్చే సంగీత కచేరీలంటే మా అమ్మగారికి ప్రాణం, కానీ అవి వచ్చే వేళకు ఆవిడ పూజలోనో వంటింట్లోనో ఉంటారు. సెట్‌టాప్ బాక్సుకు పెన్‌డ్రైవ్ పెట్టి రికార్డు చేస్తున్నాం గానీ, ఆ సమయంలో మరో ఛానెల్ చూడటానికి వీలుపడటం లేదు. ఒక చిన్న కంప్యూటర్ పెట్టి, దానితో రికార్డు చేయించి, టీవీలోనూ ఫోన్లలోనూ చూసుకోవాలని ఆలోచన. అరచేతిలో ఇమిడే రాస్‌బెర్రీ పై కంప్యూటర్ చాలని ఒకరు, కొత్త మినీ పీసీ కొనమని మరొకరు అంటున్నారు. అటక మీద పాత డెస్క్‌టాప్ ఒకటి ఉంది. ఏది మేలు?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: రికార్డింగు అనగానే బలమైన ప్రాసెసర్ కావాలని చాలామంది అనుకుంటారు, కానీ అవసరం లేదు. కార్యక్రమం మన డిష్‌కు చేరేసరికే ఎంపెగ్-2 లేదా ఎంపెగ్-4 పద్ధతిలో కుదించి ఉంటుంది కనుక, రికార్డు చేయడమంటే ఆ వచ్చినదాన్ని వచ్చినట్టే డిస్కు మీద రాసుకోవడం మాత్రమే. సాధారణ ఛానెల్‌కు సెకనుకు 3 మెగాబిట్లు అనుకుంటే గంటకు 1.35 గిగాబైట్లు అవుతుంది; హెచ్‌డీ ఛానెల్‌కు 8 మెగాబిట్లు అనుకున్నా 3.6 గిగాబైట్లు దాటదు. ఈ పనిని పదేళ్లనాటి ప్రాసెసర్ కూడా ఆవులిస్తూ చేసేస్తుంది.

బలం కావలసి వచ్చేది చూసేటప్పుడు. ఫోన్లలోని బ్రౌజర్లు ఎంపెగ్-2 వీడియోను ఆడించవు కాబట్టి, సర్వరే (అంటే రికార్డు చేసి పంపే కంప్యూటరే) దాన్ని అప్పటికప్పుడు మరో రూపంలోకి మార్చి పంపవలసి వస్తుంది. ఫోనులో వీఎల్‌సీ ప్లేయర్, టీవీ దగ్గర కోడి (పేరు చూసి నవ్వుకోకండి, మంచి ప్లేయరే) వాడితే ఈ మార్పిడి అవసరమే ఉండదు. ఇంటిల్లిపాదీ బ్రౌజర్‌లోనే చూస్తామంటే మాత్రం వీడియోను వేగంగా మార్చే క్విక్ సింక్ సదుపాయం ఉన్న ఇంటెల్ ప్రాసెసర్ తీసుకోవడం మంచిది. 2023లో వచ్చిన రాస్‌బెర్రీ పై 5 అన్ని విధాలా దాని ముందు తరమైన పై 4 కంటే వేగమైనదే అయినా, పై 4లో ఉన్న హెచ్.264 ఎన్‌కోడర్‌ను (వీడియోను ఇలా మార్చిపెట్టే ప్రత్యేక భాగాన్ని) అందులో తీసేశారు. మార్పిడి భారమంతా ప్రాసెసర్ మీదే పడుతుంది.

రాస్‌బెర్రీ పై విషయంలో నన్ను వెనక్కు లాగేది ప్రాసెసర్ కాదు, దానికి తగిలించవలసిన సరంజామా. నేను మొదట పై 4 తోనే మొదలుపెట్టి, రికార్డింగులను కూడా మెమరీ కార్డు మీదే రాయించాను. ఎనిమిది నెలలకు ఆ కార్డు చదవడానికే తప్ప రాయడానికి పనికిరాకుండా పోయింది. సరేనని యూఎస్‌బీ హార్డ్‌డిస్కు తగిలిస్తే, అది తిరగడం మొదలుపెట్టిన ప్రతిసారీ టక్ టక్‌మని ఆగిపోయేది, తెర మూలన పసుపుపచ్చ మెరుపు గుర్తు కనిపించేది. విద్యుత్తు చాలడం లేదని ఆ గుర్తుకు అర్థం. పై 4 యూఎస్‌బీ పోర్టులన్నీ కలిసి ఇచ్చేది 1.2 ఆంపియర్లే, డిస్కు ఒక్కటే తిరగడం మొదలుపెట్టేటప్పుడు దాదాపు అంతా లాగేస్తుంది. పై 5 కూడా 5 ఆంపియర్ల అడాప్టర్ ఇస్తేనే యూఎస్‌బీ పరికరాలకు పూర్తి విద్యుత్తు ఇస్తుంది. మంచి అడాప్టర్, కేసు, ఫ్యాను, సొంత అడాప్టర్ ఉన్న డిస్కు అన్నీ కలిపి లెక్క వేసుకుంటే, చవక అనుకున్నది చవక కాదని తేలుతుంది.

కొనేదే అయితే నా ఓటు, ఆఫీసుల నుంచి తీసేసి అమ్మే లీటరు సైజు మినీ పీసీలకు. డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, లెనోవో థింక్‌సెంటర్ టైనీ, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ మినీ ఈ కోవలోవే. ఇంటెల్ ఆరో తరమో, ఆ తర్వాతిదో అయితే చాలు. 8 గిగాబైట్ల ర్యామ్ సరిపోతుంది. లోపల 2.5 అంగుళాల డిస్కుకు చోటు ఉన్నదే చూసుకోండి. కొత్తదే కావాలంటే ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ ఉన్నవి బాగుంటాయి. ఆ చిప్ 6 వాట్లకు రూపొందించినది కాబట్టి పెద్దగా వేడెక్కదు.

ఇక అటక మీది డెస్క్‌టాప్ సంగతి. అది ఖాళీగా ఉన్నప్పుడు 50 వాట్లు వాడుతుందనుకుంటే, ఏడాది పొడుగునా ఆన్‌లో ఉంచితే 438 యూనిట్లు ఖర్చవుతాయి. 10 వాట్ల మినీ పీసీకి 88 యూనిట్లు చాలు. యూనిట్ ఆరు రూపాయల చొప్పున చూసినా తేడా ఏడాదికి 2,100 రూపాయలు. అంటే కరెంటు ఆదాతోనే కొత్త పెట్టె ఖర్చు తిరిగి రావడానికి కొన్నేళ్లు పడుతుంది. అందువల్ల ముందు డెస్క్‌టాప్ దింపి, దుమ్ము దులిపి, లినక్స్ (ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్), టీవీహెడ్‌ఎండ్ (టీవీ రికార్డింగు సాఫ్ట్‌వేర్) వేసి నెల రోజులు వాడి చూడండి. ఫ్యాను రొద భరించలేకపోతే అప్పుడు మినీ పీసీ కొనవచ్చు. ట్యూనర్ (డిష్ కేబుల్ నుంచి ఛానెళ్లను కంప్యూటర్‌కు అందించే పరికరం) ఎలాగూ దానికీ పనికివస్తుంది; డిస్కు 2.5 అంగుళాలదైతే అదీ పనికివస్తుంది.

ట్యూనర్ ఎంపికను మాత్రం తేలికగా తీసుకోకండి. లినక్స్‌లో డ్రైవర్ ఉన్న డీవీబీ-ఎస్2 (ఉపగ్రహ టీవీ ప్రసార పద్ధతి) యూఎస్‌బీ ట్యూనర్ కావాలి. ఎల్‌ఎన్‌బీకి (డిష్ ముందు బిగించి ఉండే, సంకేతాలు అందుకునే భాగానికి) 13 లేదా 18 వోల్టులు పంపవలసింది ఆ ట్యూనరే కాబట్టి దానికి విడిగా అడాప్టర్ ఉండాలి. పాత సెట్‌టాప్ బాక్సు కూడా పనిచేస్తూ ఉండాలంటే రెండు అవుట్‌పుట్‌లున్న ఎల్‌ఎన్‌బీ బిగించి, రెండో కేబుల్ దింపించండి. ఒక ట్యూనర్ ఒకసారికి ఒక ట్రాన్స్‌పాండర్‌నే (కొన్ని ఛానెళ్లు కలిసి వచ్చే ఉపగ్రహ మార్గాన్నే) పట్టుకోగలదు. అదే ట్రాన్స్‌పాండర్‌లో ఉన్న ఛానెళ్లు ఎన్నైనా ఒకేసారి రికార్డు అవుతాయి. మీకు కావలసిన రెండు ఛానెళ్లు వేర్వేరు ట్రాన్స్‌పాండర్లలో ఉంటే, రెండు ట్యూనర్లు ఉన్న పరికరం తీసుకోవలసి ఉంటుంది.

ప్రశ్న: నా రాస్‌బెర్రీ పై సర్వర్ కరెంటు పోయి వచ్చిన రోజున తప్పుడు వేళకు రికార్డు చేస్తోంది. లోపం ఎక్కడ?
- ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: పై 4లోనూ అంతకు ముందు వాటిలోనూ బ్యాటరీతో నడిచే గడియారం లేదు. అది ఇంటర్నెట్ నుంచి సమయం తెచ్చుకుంటుంది. కరెంటు వచ్చాక రౌటర్ ఆలస్యంగా లేస్తే, అంతవరకూ పాత సమయాన్నే నమ్ముతుంది. తక్కువ ఖర్చులో దొరికే ఆర్‌టీసీ మాడ్యూల్ (బ్యాటరీతో నడిచే చిన్న గడియారం) తగిలిస్తే సరిపోతుంది. పై 5లో గడియారం ఉన్నా దాని బ్యాటరీ విడిగా కొనాలి. ఇన్వర్టర్ ఉంటే దాన్ని యూపీఎస్ మోడ్‌లో ఉంచండి. మినీ పీసీ వాడేవారు కరెంటు రాగానే దానంతటదే ఆన్ అయ్యేలా బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరవగల మూల సెట్టింగులలో) అమర్చుకోవాలి.

ప్రశ్న: నెలనెలా డబ్బు కట్టే డీటీహెచ్ ఛానెళ్లను కూడా ఇలాగే రికార్డు చేయవచ్చా?
- ఒక పాఠకుడు, బళ్లారి

జవాబు: వీలుకాదు. అవి ఎన్‌క్రిప్ట్ అయి వస్తాయి, వాటి తాళం చెవి ఆ కంపెనీ ఇచ్చిన బాక్సులోనే ఉంటుంది. వాటికి ఆ కంపెనీ వారి రికార్డింగు బాక్సే గతి. ఉచిత ఛానెళ్ల విషయంలో చట్టపరమైన భయం అక్కర్లేదు. సొంతంగా చూసుకోవడానికి ప్రసారాన్ని రికార్డు చేసుకోవడం ప్రసార హక్కుల ఉల్లంఘన కాదని 1957 నాటి కాపీరైట్ చట్టం 39వ సెక్షన్ చెబుతోంది. ఆ ఫైలును నలుగురికీ పంచడానికి ఆ మినహాయింపు వర్తించదు.