మానిఫోల్డ్‌లో ఉన్న ఆ ఇత్తడి ముక్క ఏమిటి?

ప్రశ్న: నేను కాలిఫోర్నియాలో ఉంటాను. ఈమధ్య 1987 సుజుకి సమురాయ్ కొన్నాను, కార్బ్యురేటర్ బండి. చిన్నప్పుడు మా ఊళ్ళో చూసిన జిప్సీ మీద మోజుతో కొన్నదే. ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో (కార్బ్యురేటర్ నుంచి ఇంజన్‌లోకి గాలి, పెట్రోలు పోయే గొట్టాల దిమ్మ) నట్టు లాంటి ఇత్తడి ముక్క ఒకటి బిగించి ఉంది, దానిపైన ప్లాస్టిక్ టోపీ, టోపీకి రెండు సన్నటి ముక్కులు. ఒక ముక్కు నుంచి రబ్బరు పైపు కార్బ్యురేటర్ వైపు పోతోంది, రెండోది ఖాళీ. పక్కనే ఇంకో పైపు వేలాడుతోంది, దాని నోట్లో పాత ఓనరు స్క్రూ దూర్చాడు. కరెంటు వైరు ఏదీ లేదు. ఇదేమిటి? ఇలాగే వదిలెయ్యొచ్చా? విజయవాడ నుంచి మా బావగారి చేత జిప్సీ స్పేర్ తెప్పించుకోనా?

జవాబు: వైరు లేదని రాశారు చూడండి, సగం జవాబు అందులోనే ఉంది. వైరు లేకుండా, కింద ఇత్తడి, పైన వాక్యూమ్ (ఇంజన్ గాలి పీల్చే లాగుడు) ముక్కులు ఉన్నాయంటే అది వేడికి తెరుచుకునే వాక్యూమ్ వాల్వే. సుజుకి, టొయోటా వాళ్ళు దీన్ని బీవీఎస్‌వీ అంటారు, అంటే బైమెటల్ వాక్యూమ్ స్విచింగ్ వాల్వ్. ఇత్తడి కొన మానిఫోల్డ్ లోపల పారే కూలెంట్‌లో, అంటే ఇంజన్‌ని చల్లబరిచే నీళ్ళలో మునిగి ఉంటుంది. నీళ్ళు కాగేసరికి లోపలి బైమెటల్ బిళ్ళ (రెండు లోహాలు అతికించినది) వంగి దారి తెరుస్తుంది, చల్లబడితే మూసేస్తుంది, అంతే.

దేనికోసం అంటే, మీ బండిలో ఈజీఆర్ కోసం, అంటే ఎగ్జాస్ట్ గ్యాస్ రీసర్క్యులేషన్. పొగలో కొంత భాగాన్ని మళ్ళీ ఇంజన్‌లోకి పంపి మంట వేడిని తగ్గిస్తే నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గుతాయి. కానీ ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఆ పొగ లోపలికొస్తే బండి వణుకుతుంది, ఆగిపోతుంది కూడా. అందుకే వేడెక్కేదాకా ఈజీఆర్‌కి వాక్యూమ్ అందకుండా ఈ చిన్న ముక్క కాపలా కాస్తుంది.

నా మాట మీదే ఆగిపోకండి, పైపు పట్టుకుని చూడండి. ఆ స్క్రూ ఉన్న పైపుని రెండో చివరిదాకా చేత్తో తడుముతూ వెళ్తే, పుట్టగొడుగు ఆకారంలో ఉండే ఈజీఆర్ వాల్వ్ దగ్గరికి గానీ, దానికి ముందుండే మాడ్యులేటర్ అనే గుండ్రటి ప్లాస్టిక్ డబ్బా దగ్గరికి గానీ చేరాలి. హుడ్ కింద వాక్యూమ్ పైపుల బొమ్మ ఉన్న స్టిక్కర్ మిగిలి ఉంటే మరీ మంచిది, ముందు దాన్ని ఫొటో తీసి పెట్టుకోండి, ఇన్నేళ్ళ తర్వాత చాలా బళ్ళలో అది చెరిగిపోయి ఉంటుంది.

వాల్వ్ పనిచేస్తోందో లేదో ఇంట్లోనే తేలుతుంది. ఇంజన్ పూర్తిగా చల్లారాక మాత్రమే విప్పండి, వేడి మీద విప్పితే కూలెంట్ ముఖం మీదికి చిమ్ముతుంది. చల్లటి ముక్కని పట్టుకుని ఒక ముక్కులో ఊదితే రెండోదాంట్లోంచి గాలి రాకూడదు. తర్వాత ఇత్తడి భాగం మాత్రం మునిగేలా వేడి నీళ్ళలో ఉంచి, ముక్కుకి పైపు తగిలించి ఊదండి, ఈసారి గాలి రావాలి. రెండుసార్లూ ఒకేలా ఉంటే వాల్వ్ పోయినట్టే.

స్క్రూ సంగతి. అలా వదలొద్దు, దీన్ని గట్టిగానే చెబుతున్నాను. ఈజీఆర్ ఆగిపోతే ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు ఇంజన్ టకటకమని కొట్టుకోవచ్చు, దాన్ని అలాగే నడిపితే పిస్టన్లకి దెబ్బ. పైగా మీరున్నది కాలిఫోర్నియా. అక్కడ 1976, ఆ తర్వాతి పెట్రోలు బళ్ళకి సాధారణంగా రెండేళ్ళకోసారి స్మాగ్ చెక్ (పొగ కాలుష్య పరీక్ష) ఉంటుంది, అందులో కంటితో చూసే తనిఖీ కూడా భాగమే. పైపు నోట్లో స్క్రూ కనబడితే పొగ రీడింగ్ బాగున్నా బండి ఫెయిలే.

ఇక జిప్సీ స్పేర్. రెండూ ఒక కుటుంబం బళ్ళే, కాదనను. కానీ మరలు సరిపోయినంత మాత్రాన వాల్వ్ సరిపోయినట్టు కాదు, అది ఎంత వేడికి తెరుచుకుంటుందన్నది అసలు విషయం. మీ పాతదాని మీద ఉన్న నంబరు చూసి సమురాయ్‌కి సంబంధించినదే వెతకండి. అయితే ముందు మూడు అడుగుల కొత్త వాక్యూమ్ పైపు కొని, స్క్రూ ఉన్న పైపు బదులు ఆ ఖాళీ ముక్కుకి తగిలించి చూడండి, వాల్వ్ బాగానే ఉండి పైపు ఒక్కటే పగిలి ఉండొచ్చు. స్క్రూ దూర్చిన పైపుని మాత్రం మళ్ళీ వాడకండి, దాని నోరు సాగిపోయి ఉంటుంది, గాలి లాగుతుంది.