రాబందులను లెక్కపెడితే ఏమొస్తుంది? ఒక పశువుల డాక్టరు జవాబు

మీరు అడిగింది ఇదీ: "మా జిల్లాలో రాబందుల లెక్కింపుకు వాలంటీర్లు కావాలంటున్నారు. రెండు రోజులు గుట్ట కింద కూర్చుని పక్షులను లెక్కపెట్టినంత మాత్రాన అవి బతుకుతాయా? ఈ అంకెలు చూసి ఎవరైనా ఎప్పుడైనా ఒక్క నిర్ణయమైనా తీసుకున్నారా?"

తీసుకున్నారండీ. ఆ నిర్ణయం నా మందుల పెట్టెలోంచి ఒక సీసాను తీసేయించింది. అందుకే తీరిక చేసుకుని రాస్తున్నా.

నేను పాత ఆదిలాబాద్ జిల్లాలో పశువుల డాక్టరుగా చేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఊళ్లో గొడ్డు చస్తే ఊరి బయట వాగు ఒడ్డున పడేసేవారు. తోలు ఒలిచేవాళ్లు పని ముగించి కత్తులు కడుక్కునేలోపే రాబందులు దిగేవి. ఒకటి కాదు, పది కాదు, గుంపు. మధ్యాహ్నం భోజనం చేసి అదే దారిన తిరిగొచ్చేసరికి ఎముకలు మిగిలేవి. కాకులను చూసినట్టే చూసేవాళ్లం వాటిని. అవి ఏ సంవత్సరం నుంచి రావడం మానేశాయని ఇప్పుడు నన్నడిగితే చెప్పలేను. రోజూ అదే దారిన పోయిన మనిషిని, ఏటా వందల గొడ్లను చూసిన మనిషిని, నాకే తెలియలేదు. కుక్కలు ఎక్కువయ్యాయనీ, వాగు దగ్గర వాసన ఆగడం లేదనీ మాత్రం గమనించాను.

1990ల మధ్యలో మా చేతికి డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు వచ్చింది. చవక. కుంటుతున్న ఎద్దుకు పొద్దున సూది వేస్తే సాయంత్రానికి మేతకు పోయేది. పొదుగువాపు, గాలికుంటు, కాడి రాపిడికి మెడ వాపు, అన్నిటికీ అదే. ఇక లేవదని తెలిసిన గొడ్డుకు కూడా వేసేవాణ్ణి. నొప్పయినా తగ్గుతుందని కొంత, రైతు ముందు ఉత్త చేతులతో నిలబడలేక కొంత. కొంప ముంచింది ఆ చివరి సూదులే. బతికిన గొడ్డు ఒంట్లోంచి మందు కొద్ది రోజుల్లో పోతుంది. సూది వేసిన ఒకట్రెండు రోజుల్లో చచ్చిన గొడ్డులో మాత్రం అలాగే ఉండిపోతుంది. దాన్ని తిన్న రాబందుకు మూత్రపిండాలు పాడై, రెండు మూడు రోజుల్లో చస్తుంది. కోసి చూస్తే లోపలి అవయవాల మీద సున్నం పూసినట్టు తెల్లగా యూరిక్ యాసిడ్ పేరుకుని ఉంటుంది.

ఇదంతా అప్పుడు మాకెవరికీ తెలియదు. బయటపడింది లెక్కల వల్లే.

రాజస్థాన్‌లో భరత్‌పూర్ దగ్గర కేవలదేవ్ పార్కు ఉంది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన విభు ప్రకాశ్ 1987-88లో అక్కడ తెల్లవీపు రాబందుల గూళ్లు లెక్కపెట్టారు. 353 వచ్చాయి. అప్పట్లో ఆ అంకెను ఎవరూ పెద్దగా పట్టించుకుని ఉండరు. దాదాపు పదేళ్ల తర్వాత ఆయనే, అదే పార్కులో, అదే పద్ధతిలో మళ్లీ చూస్తే చెట్లకు చెట్లే ఖాళీ. మిగిలిన పక్షులు కొన్ని మెడలు కిందికి వాల్చి కూర్చుని ఉన్నాయి. తర్వాత అవే చచ్చిపడ్డాయి. ఇది ఒక్క పార్కు సంగతేనా అన్న అనుమానం తీర్చడానికి, 1990ల మొదట్లో బండి మీద తిరుగుతూ వేటపక్షులను లెక్కపెట్టిన దారుల్లోనే 2000 నుంచి మళ్లీ మళ్లీ తిరిగారు. 2007 నాటికి తెల్లవీపు రాబందులు 99.9 శాతం పోయాయని తేలింది. పొడుగుముక్కు, సన్నముక్కు జాతులు కలిపి 97 శాతం దాకా పోయాయి. 2000 తర్వాత తెల్లవీపు రాబందులు తగ్గిన వేగం ఏడాదికి దాదాపు 44 శాతం. అంటే వంద పక్షులుంటే వచ్చే ఏడాదికి 56, ఆపై ఏడాది 31, ఆ తర్వాత 18, నాలుగో ఏటికి పది.

పాత దారుల్లోనే తిరగడం అన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది. కానీ 1990ల నాటి నోటు పుస్తకాలే లేకపోతే ఎన్ని పోయాయో చెప్పేవాడు దేశంలో ఉండేవాడు కాదు. "మా చిన్నప్పుడు చాలా ఉండేవి" అన్న నాబోటి వాళ్ల మాట ఏ ఫైలులోనూ నిలవదు.

తగ్గాయని తేలాక, ఎందుకన్నది మొదలైంది. తిండి దొరకడం లేదన్నారు, పురుగుమందులన్నారు, ఏదో వైరస్ అన్నారు. వైరస్ వాదన చాలా కాలం గట్టిగా నడిచింది. తిండి వాదనే నిజమనుకుని ఊరూరా కళేబరాలు వేసే చోట్లు తెరిచి ఉంటే ఏమయ్యేది? మందున్న మాంసమే పళ్లెంలో పెట్టి వడ్డించినట్టయ్యేది. కళేబరాలు తినేవాడు లేక కుళ్లుతున్న చోట కూడా పక్షులు చస్తున్నాయి గనక తిండి కారణం కాదని తేలిపోయింది. 2004లో అమెరికా పశువైద్య శాస్త్రవేత్త లిండ్సే ఓక్స్ బృందం పాకిస్తాన్ పంజాబ్‌లో చచ్చిన రాబందులను పరీక్షించి నేచర్ పత్రికలో ప్రచురించింది. మూత్రపిండాలు పాడై చచ్చిన 25 పక్షుల్లోనూ డైక్లోఫెనాక్ ఉంది. వేరే కారణాలతో చచ్చిన 13లో ఒక్కదానిలోనూ లేదు.

అయినా నాలాంటి వాళ్లకు ఒక అనుమానం మిగిలింది. చచ్చే గొడ్లన్నిటికీ మేం సూది వేయలేదు కదా, ఎక్కడో ఒకదానికి వేస్తాం. అంతమాత్రానికే దేశంలో రాబందులన్నీ పోతాయా? అదే ఏడాది బ్రిటన్ శాస్త్రవేత్త రిస్ గ్రీన్, సహచరులు లెక్క కట్టి చెప్పారు: వందలో ఒక్క కళేబరం కూడా అక్కర్లేదు, 0.13 నుంచి 0.75 శాతం కళేబరాల్లో ప్రాణాంతకమైనంత మందు ఉంటే చాలు, ఇంత వేగంగా తగ్గడానికి సరిపోతుంది.

నేను నమ్మలేదు. టీకాల రిజిస్టరు వెనక అట్ట మీద నా లెక్క నేను వేసుకున్నాను. రాబందు మూడు రోజులకోసారి తింటుందనుకుందాం, ఏడాదికి 120 భోజనాలు. 200 కళేబరాల్లో ఒకదానిలో మందుందనుకుందాం. ఒక్క భోజనం నుంచి బతికి బయటపడే అవకాశం 0.995. దాన్ని 120 సార్లు హెచ్చిస్తే 0.55 వస్తుంది. అంటే ఏడాది తిరిగేసరికి వందలో 45 చస్తాయి. దారుల్లో లెక్కపెట్టిన 44 శాతానికి నా అట్ట మీది అంకె అంత దగ్గరగా వచ్చేసరికి పెన్ను పక్కన పెట్టేశాను. ఏడాదికి ఒక్క గుడ్డు పెట్టే పక్షి, గూడు కట్టే వయసు రావడానికి అయిదేళ్లు పట్టే పక్షి, ఆ నష్టం ఎప్పటికి పూడ్చుకోవాలి? తర్వాత మన దేశంలో పశు కళేబరాల నుంచి 1,848 కాలేయ నమూనాలు తీసి పరీక్షిస్తే, పదింట ఒకదానిలో ఆ మందు జాడ ఉంది. 200లో ఒకటి అనుకుంటేనే భయపడ్డాను నేను.

నిర్ణయాలు ఇక్కడి నుంచి వచ్చాయి. 2006లో పశువులకు డైక్లోఫెనాక్ నిషేధించారు. నిషేధిస్తే రైతు ఏం చేయాలన్న ప్రశ్నకు కూడా పరిశోధనే జవాబిచ్చింది. మెలాక్సికామ్ అనే మరో నొప్పి మందును రాబందుల మీద పరీక్షించి, ప్రమాదం లేదని తేల్చాకే మా చేతికిచ్చారు. మొదట్లో ధర ఎక్కువని మేం సణిగిన మాట నిజమే. ఇంత వేగంగా పోతున్నాయంటే నిషేధం పనిచేసేదాకా ఆగే వ్యవధి లేదు గనక, కొన్ని పక్షులను పట్టి హర్యానాలోని పింజోర్‌లో పెంచడం మొదలుపెట్టారు. హైదరాబాద్ జూలో కూడా ఒక పెంపక కేంద్రం ఉంది. పింజోర్ కేంద్రానికి జటాయువు పేరు పెట్టారు. పేర్లు పెట్టడంలో మనకు సాటి ఎవరు లెండి.

అంతా సాఫీగా సాగిందని చెప్పను. పశువుల సీసా ఆగిపోయింది గానీ మనుషులకు వాడే 30 మిల్లీలీటర్ల సీసా మెడికల్ షాపుల్లో ఉండనే ఉంది. ఎద్దుకు సరిగ్గా సరిపోయే సైజు. దాన్ని 3 మిల్లీలీటర్ల ఒక్క డోసుకు కుదించడానికి 2015 దాకా పట్టింది. ఎసిక్లోఫెనాక్ అనే ఇంకో నొప్పి మందు పశువు ఒంట్లోకి పోయాక డైక్లోఫెనాక్‌గానే మారుతుందని తెలిశాక కూడా ఏళ్లు గడిచాయి. దాన్నీ, రాబందులకు ప్రమాదమైన కీటోప్రొఫెన్ అనే మరో నొప్పి మందునూ పశువులకు ఆపింది 2023లో. అంకె దారి చూపిస్తుంది, ఫైలు మాత్రం తన నడక తనే నడుస్తుంది.

ఇక మీ గుట్ట సంగతి. మనవైపు కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద పొడుగుముక్కు రాబందులు గూళ్లు కట్టిన సంగతి మీరు వినే ఉంటారు. రిటైరయ్యాక అలాంటి కొండ చరియ కింద నేనూ కొన్నిసార్లు కూర్చున్నాను. మొదటిసారి నా పరువు పోయింది. నాకు 28 వచ్చాయి, పక్కన కూర్చున్న కుర్రాడికి 19. నేను ఎండెక్కాక, గాల్లో తిరుగుతున్న వాటిని లెక్కపెట్టాను. చరియ వెనక్కి పోయిన పక్షి మళ్లీ ముందుకొస్తే కొత్తదనుకున్నాను. ఆ కుర్రాడు తెల్లవారకముందే వచ్చి, అవి ఇంకా అంచుల మీద కూర్చుని ఉండగానే, రెట్టతో సున్నం కొట్టినట్టున్న గూటి అంచులు ఒక్కొక్కటీ వరసగా చూసి రాసుకున్నాడు. అతనిదే సరైన లెక్క. అంతకుముందు ఏడాది నాలాంటివాడు 28 రాసి, ఈ ఏడాది అతను 19 రాసి ఉంటే, తొమ్మిది పక్షులు పోయాయని పేపర్లో వచ్చేది.

మొత్తం ఎన్ని అన్నదానికన్నా గూటికి ఏమైందన్నదే నేను ముఖ్యమంటాను. గూళ్లలో పిల్లలు ఎగిరే వయసు దాకా పెరుగుతూ, పెద్ద పక్షులు మాత్రం ఏటికేడు తగ్గుతుంటే, విషమో మందో అని అనుమానించాలి, మెడికల్ షాపుల మీద పడాలి. పెద్దవి ఉండి గూళ్లు మధ్యలో ఖాళీ అవుతుంటే చరియ దగ్గర మనుషుల అలికిడో, నిప్పో, రాళ్ల పేలుళ్లో చూడాలి. ఒక్క గుట్ట లెక్కతో ఇంత దూరం ఊహించడం కూడా కొంత సాహసమే. మనవైపు పక్షులకు ప్రాణహిత దాటడం ఒక లెక్కా? అవతల గడ్చిరోలిలో మేసి ఇవతల పడుకోగలవు. ఇవతల తగ్గాయంటే చచ్చాయో, చోటు మార్చాయో రెండు ఒడ్డులూ ఒకే రోజు లెక్కపెడితే గానీ తెలియదు. మిమ్మల్ని పిలిచింది అందుకే అయ్యుండాలి, ఒకే రోజు అన్ని చోట్లా కూర్చోవడానికి మనుషులు చాలరు.

వెళ్లండి. చీకటి ఉండగానే చేరుకోండి, మెరిసే రంగుల బట్టలు వద్దు, చరియకు దూరంగానే ఉండండి. మీకు ఖాళీ చరియ కేటాయిస్తే అలగొద్దు. ఒక్కటీ కనపడకపోతే గీత గీసి వదలకుండా "0" అని రాయండి, పక్కన ఎన్ని గంటలు చూశారో రాయండి.

లెక్కింపు అంటే గుట్టలే కాదు, షాపులు కూడా. నిషేధం వచ్చాక 2007 నుంచి 2010 మధ్య పలు రాష్ట్రాల్లో మారువేషంలో వెళ్లి "పశువుకు నొప్పి సూది కావాలి" అని అడిగితే, మూడింట ఒక వంతుకు పైగా షాపుల్లో డైక్లోఫెనాక్ దొరికింది. సీసా సైజు తగ్గించాలన్న వాదనకు బలం వచ్చింది అక్కడి నుంచే. రిటైరయ్యాక తెలిసిన కుర్రాళ్ల కోసం అలాంటి పనే ఒకసారి నేనూ చేశాను. నేను పనిచేసిన మండలానికి దూరంగా, ఒక చిన్న ఊళ్లో షాపుకు పోయి, రైతులా తలకు తువ్వాల చుట్టుకుని, ఎద్దు కుంటుతోందని చెప్పాను. కౌంటరు వెనకాయన కళ్లద్దాలు సర్దుకుని నన్ను ఒక్క క్షణం చూశాడు.

"నమస్తే సార్. మిమ్మల్ని చూసి ఎన్నేళ్లయింది! అప్పట్లో మీరు రాసేదే ఇవ్వనా?"

ఫారంలో ఆ షాపు ఎదురుగా "అడగకముందే ఇవ్వబోయారు" అని రాసుకుని బయటికొచ్చాను.