ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు దూరమెంత, విమానంలో ఎన్ని గంటలు పడుతుంది?

బరంపురంలో ఉండే మీ అమ్మానాన్నలు మొదటిసారి ఢిల్లీ మీదుగా శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్నారని, దూరం, సమయం చెప్పమని అడిగారు. మాదీ బరంపురమే. కూతురు అక్కడే ఉండటంతో మా దంపతులం ఆ దారిన వెళ్లొస్తుంటాం.

ఢిల్లీ నుంచి దగ్గరి దారి సుమారు 12,400 కిలోమీటర్లు. మధ్యలో ఆగని విమానానికి దాదాపు 16 గంటలు. అయితే కిలోమీటర్లను బట్టి గంటలు లెక్కేయకండి. 2016 అక్టోబర్‌లో ఎయిర్ ఇండియా ఈ విమానాన్ని అట్లాంటిక్ వైపు కాకుండా పసిఫిక్ మీదుగా నడిపింది. అట్లాంటిక్ వైపు దారి 13,900 కిలోమీటర్లు. పసిఫిక్ వైపు అది 1,400 పెరిగి 15,300 అయింది, అయినా పద్నాలుగున్నర గంటల్లోనే దిగింది. విమానాలు ఎగిరే ఎత్తులో గాలి పడమర నుంచి తూర్పుకు జోరుగా వీస్తుంది. తూర్పుకు ఎగిరితే ఆ గాలే వెనక నుంచి తోస్తుంది, చలికాలంలో మరీ ఎక్కువ. ఆ తూర్పు దారిన వెళ్లేటప్పుడు సీటు ముందు స్క్రీన్‌లో మ్యాప్ పెట్టుకుంటే ఒక్కోసారి విమానం వేగం గంటకు వెయ్యి కిలోమీటర్లు దాటడం మీ నాన్నగారికి కనిపిస్తుంది. మా వారైతే సినిమా మానేసి అదే చూస్తూ కూర్చుంటారు.

టికెట్ మీది టైములు చూసి కంగారు పడొద్దని చెప్పండి. వేసవిలో అక్కడి గడియారం మనకంటే పన్నెండున్నర గంటలు వెనక, చలికాలంలో పదమూడున్నర. జూన్‌లో తెల్లవారుజామున 4 గంటలకు ఢిల్లీలో ఎక్కితే, 16 గంటలు ప్రయాణించాక అక్కడ అదే రోజు ఉదయం ఏడున్నర.

అసలు టెన్షన్ ఢిల్లీ చేరేదాకానే. మనకు భువనేశ్వర్ విమానాశ్రయం సుమారు 170 కిలోమీటర్లు, విశాఖ ఇంకో వంద ఎక్కువ. భువనేశ్వర్ నుంచి ఢిల్లీకి రెండున్నర గంటలు. రెండు విమానాలూ ఒకే టికెట్ మీద తీసుకోండి. మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే, వేరే విమానం చూడాల్సిన బాధ్యత విమాన సంస్థదే అవుతుంది. విడివిడిగా కొంటే కొత్త టికెట్ డబ్బులు మీ నెత్తినే. అక్టోబర్, నవంబర్ ప్రయాణమైతే ఒక రోజు ముందే ఢిల్లీ చేరడం మంచిది. ఫైలిన్, హుద్‌హుద్, తిత్లీ తుపాన్లు మూడూ అక్టోబర్‌లోనే వచ్చాయి, మన వైపు వాళ్లకు వేరే చెప్పాలా! ఇంటి గుమ్మం దాటిన దగ్గర్నుంచి లెక్కేస్తే మొత్తం 30 గంటల పైమాటే.

నాకు షుగర్ ఉంది. మాత్రలు ఏ వేళకు వేసుకోవాలో డాక్టర్ గారితో ముందే కాగితం మీద రాయించుకుంటాను, మాత్రల డబ్బా చేతి సంచిలోనే ఉంచుకుంటాను. మీ అమ్మగారికి కూడా అలాగే చేయండి. ఆవకాయ జాడీ మాత్రం చెక్ఇన్ పెట్టెలోనే వెళ్లాలి. శాకాహారమైతే ఆ భోజనం ముందే బుక్ చేయండి. మోకాళ్ల నొప్పులుంటే టికెట్ తీసుకునేటప్పుడే వీల్‌చైర్ అడగండి, ఢిల్లీ మూడో టెర్మినల్‌లో నడక చాలా ఎక్కువ. దిగాక ఇమిగ్రేషన్‌లో ఎవరింటికి, ఎన్నాళ్లకు అని అడుగుతారు. అక్కడి అడ్రసు, ఫోన్ నంబరు, తిరుగు టికెట్ తేదీ ఇంగ్లీషులో ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, పాస్‌పోర్ట్‌లో పెట్టి పంపండి.