ఒంగోలు నీళ్లకు, మన ఎండలకు తట్టుకుని కలిసి బతికే చేపలు ఏవి?

మీ ప్రశ్న చూశానన్నా. ఒంగోలులో ఇల్లు, రెండడుగుల తొట్టి, పిల్లలేమో గోల్డ్‌ఫిష్, ఏంజెల్, గప్పీలు, ఒక షార్క్, నాచు తినడానికి సక్కర్ ఫిష్ కావాలంటున్నారు, అన్నీ కలిపి వేయొచ్చా అని అడిగారు. వేయొద్దు. మాది నెల్లూరు, ఏళ్ల తరబడి ఇంట్లో చేపలు పెంచుతున్నాను. ఇక్కడ రంగు చూసి కాదు, మీ ఇంటి నీళ్లూ మే నెల ఎండా చూసి చేపల్ని ఎంచుకోవాలి.

మీ జాబితాలో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఆ షార్క్. అక్వేరియం షాపుల్లో వేలెడంత ఉండి, వెండిలా మెరుస్తూ గుంపుగా తిరిగే పిల్లల్ని షార్క్ అని అమ్ముతారు. వాటిలో చాలావరకు పంగస్ పిల్లలే, మన చేపల మార్కెట్లో కోసి కిలోల లెక్కన ఇచ్చే పంగస్. మీటరు దాటి పెరగగల చేప అది. ఎర్ర పొట్టతో ఉండేదాన్ని పిరానా అంటారు, అదీ చాలాసార్లు రూప్‌చందే. రెండడుగుల అద్దంలో వాటికి ఒళ్లు తిప్పుకునే చోటు కూడా ఉండదు. కొనేవాళ్లకు ఈ సంగతి చెప్పకుండా అమ్మడం అన్యాయం.

సక్కర్ కూడా అడుగు దాటుతుంది, పైగా నీళ్లు బాగా పాడుచేస్తుంది. అద్దం మీద నాచుకు స్పాంజి ముక్క చాలు. గోల్డ్‌ఫిష్ చల్లనీళ్ల చేప, 18 నుంచి 24 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. మే నెలలో మన తొట్టి నీళ్లు 30 దాటడం మామూలే. ఏంజెల్ చిన్నప్పుడు రూపాయి బిళ్లంత ఉంటుంది, పెరిగాక 15 సెంటీమీటర్లు. నోట్లో పట్టే గప్పీని వదలదు.

బోరు నీళ్లతో కడిగిన గిన్నె ఆరాక తెల్లమరక మిగులుతోందా, సబ్బు సరిగా నురగ రావడం లేదా? అయితే కాల్షియం లాంటి ఖనిజాలు బాగా ఉన్న గట్టి నీళ్లన్నమాట, వాటిలో మాలీలు, గప్పీలు, ప్లాటీలు చక్కగా ఉంటాయి. రెండడుగుల తొట్టిలో దాదాపు 60 లీటర్లు పడతాయి, ఈ మూడు రకాలూ కొద్దికొద్దిగా కలిపి పెంచుకోవచ్చు. మగదానికి రెండు ఆడవి ఉండాలి, లేకపోతే మగవి తరిమి తరిమి ఆడదాన్ని అలసట పెడతాయి. నెలనెలా చేపపిల్లలు వద్దనుకుంటే అన్నీ మగ గప్పీలే తెచ్చుకోండి. ఫైటర్ చేపని మాత్రం వీటిలో వేయకండి, గప్పీ తోక చూసి మీదకెళ్తుంది. టైగర్ బార్బ్ తోకలు కొరుకుతుంది. నియాన్ టెట్రాలు అందమైనవే, కానీ అవి ఖనిజాలు తక్కువున్న మెత్తటి నీళ్ల చేపలు, వేడి ఓర్వలేవు.

నీళ్లు బాగుండాలని క్యాన్ నీళ్లు పోసేవాళ్లు చాలామంది ఉన్నారు. బంధువుల ఇంట్లో నేను కళ్లారా చూశాను: మాలీలు తోకరెక్కలు ముడుచుకుని, ముందుకు కదలకుండా ఉన్నచోటే ఒళ్లు ఊపుతున్నాయి. జబ్బేమోనని మందు వేయబోతుంటే ఆపి, కొంచెం కొంచెంగా బోరు నీళ్లు కలపమన్నాను. రోజులు గడిచేకొద్దీ ఊగడం తగ్గి, తిండికి పైకి రావడం మొదలుపెట్టాయి. క్యాన్లలో వచ్చేవి ఎక్కువగా ఆర్వో యంత్రంలో శుద్ధి చేసిన నీళ్లే, వాటిలో ఖనిజాలు పోతాయి, మాలీలకు అవి కావాలి. మున్సిపాలిటీ నీళ్లయితే అందులోని క్లోరిన్ పోవడానికి యాంటీ క్లోరిన్ మందు వేసి పోయండి.

ఎండాకాలం జాగ్రత్త చాలా ముఖ్యం. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, అదే సమయంలో కరెంటు పోతే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి. మూత తీసి నీటి మీదకు ఫ్యాన్ గాలి తగిలేలా పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ఐసు ముక్కలు వేయకండి, ఒక్కసారిగా చల్లబడితే తట్టుకోలేవు.

ముందు నాలుగు ప్లాటీలతో మొదలుపెట్టండి. చేపల మలంలోంచి వచ్చే అమ్మోనియాను విరిచే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో స్థిరపడటానికి నెల పైనే పట్టొచ్చు. ఆ నెలంతా మేత తక్కువ వేసి, వారానికోసారి నాలుగో వంతు నీళ్లు మార్చండి. ఆ తర్వాతే మిగతావి తెచ్చుకోండి. పిల్లలు ఏంజెల్ కావాలని పట్టుబడితే దానికి వేరే పెద్ద తొట్టి, అదీ లోతుగా ఉండేది తీసుకోండి.