చిన్నపిల్లల టీచర్ అవుతానంటే అడ్డు చెప్పకండి

ప్రశ్న: మాది చిత్తూరు. మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది. నర్సరీ పిల్లలకు చదువు చెప్తానంటోంది. అఆలు దిద్దించడానికి డిగ్రీ ఎందుకని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీ పెద్దవాళ్లకు, పసిపిల్లల చదువుకు మన దేశంలో బాట వేసిన తారాబాయి మోడక్ గారి గురించి చెప్పండి. 1892లో ముంబైలో పుట్టారు. 1914లోనే బీఏ పాసయ్యారు. రాజ్‌కోట్‌లో మహిళా ట్రైనింగ్ కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యారు. ఆ కుర్చీ వదిలేసి గుజరాత్‌లోని భావనగర్‌లో గిజుభాయి బధేకా అనే విద్యావేత్తతో కలిసి పసిపిల్లల బడిలో పనిచేశారు. 1945లో మహారాష్ట్రలోని బోర్డీ అనే పల్లెకు వెళ్లారు. బడికి రాని పేదపిల్లల కోసం బడినే వాళ్ల వాకిట్లోకి తీసుకెళ్లారు. ప్రభుత్వ ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి) పథకం కింద మన అంగన్‌వాడీలు మొదలైంది ఆ తర్వాత ముప్పై ఏళ్లకు, 1975లో. పిల్లలు ఆడుతూ నేర్చుకునే మాంటిసోరి పద్ధతికి వాడే ఖరీదైన సామాను బదులు గింజలు, గవ్వలు, గులకరాళ్లతోనే పాఠాలు నడిపారావిడ. 1962లో పద్మభూషణ్ వచ్చింది.

మూడేళ్ల పిల్ల ముందు గుప్పెడు చింతగింజలు పోసి చూడండి. పెద్దవి ఒక గిన్నెలో, చిన్నవి ఇంకో గిన్నెలో వేస్తుంది. అదే లెక్కలకు పునాది. రెండు వేళ్లతో గింజ పట్టుకోవడం వస్తేనే రేపు పెన్సిల్ పట్టు కుదురుతుంది. ఏ పిల్ల ఎక్కడ ఆగిపోతోందో కనిపెట్టి, ఏడిపించకుండా ముందుకు నడిపించాలి. దానికి చదువు కావాలండీ, తప్పకుండా కావాలి.

జీతాల సంగతి దాచను. చిన్న ప్రైవేటు ప్లేస్కూళ్లలో ఇచ్చేది తక్కువే. అందుకే ఏదో చిన్న సర్టిఫికెట్ కోర్సుతో సరిపెట్టవద్దు. హోం సైన్స్‌లో, అందులోనూ పిల్లల ఎదుగుదల ప్రధానంగా ఉండే డిగ్రీ చేయిస్తే టీచర్ ఉద్యోగంతో పాటు స్త్రీ శిశు సంక్షేమ శాఖ సూపర్‌వైజర్ లాంటి పోస్టులకూ దారి ఉంటుంది. తిరుపతిలో పద్మావతి మహిళా యూనివర్సిటీ మీకు దగ్గరే, వెళ్లి కనుక్కోండి. డిగ్రీ, బీఈడీ కలిపి చదివే నాలుగేళ్ల ఐటెప్ కోర్సు ఇంకో దారి, దానికి ఎన్‌సెట్ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి. అందులో 3 నుంచి 8 ఏళ్ల పిల్లలకు చెప్పే ఫౌండేషనల్ స్టేజ్ ఉంది, కానీ అన్ని కాలేజీల్లో దొరకదు. చేరే ముందే అడగండి. డీఈఎల్‌ఈడీ అనే టీచర్ డిప్లొమా ప్రధానంగా 1 నుంచి 5 తరగతులకు, అది మీ అమ్మాయి కోరుకున్న దారి కాదు.

ఇంటర్ పరీక్షలు కాగానే టీచరమ్మను అడిగి, మీ వీధి అంగన్‌వాడీలో ఓ వారం కూర్చోనివ్వండి. పిల్లల ఏడుపులు, ముక్కులు తుడవడం, పాలు, గుడ్లు పంచడం అన్నీ చూశాక కూడా ఇదే చేస్తానంటే, ఇంక ఆలోచించకుండా అప్లికేషన్ పెట్టించండి.